దొంగ స్నానాలు

విద్యావతి గారు కాన్‌బెర్రాలో మా పేట గంగాలిన్‌లో పందొమ్మిదేళ్లుగా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. ఇక్కడి తెలుగువాళ్లలో సగం మందికి బీపీ మాత్రలు రాసేది ఆవిడే. షుగర్ ఉన్నవాళ్లు పండక్కి ఎన్ని బొబ్బట్లు తిన్నారో దాచబోతే కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు. నాకు అబద్ధం చెప్తే నష్టం మీకే అనేవారు. అందుకే ఆవిడంటే మాకందరికీ గౌరవం, కాస్త భయం కూడా.

కూతురు తన్మయి యూనివర్సిటీ చదువుకని మెల్‌బోర్న్ వెళ్లాక ఆవిడకి శనివారాలు తోచేవి కావు. యాభై ఆరో ఏట, కాన్‌బెర్రా సరస్సులో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారు. అక్కడే హెలెన్ అనే రిటైర్డ్ టీచర్ పరిచయమైంది. హెలెన్, ఆమె భర్త రాస్ ఆస్ట్రేలియా పడమటి తీరాన ఫ్రీమాంటిల్‌లో ఒక పాత యాట్, అంటే సముద్రంలో తిరిగే తెరచాప పడవ, కొనుక్కున్నారు. దాన్ని హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల దాకా నడుపుకుపోవాలని వాళ్ల కోరిక. రెండు వారాల ప్రయాణం. రాస్‌కి డెబ్బై ఏళ్లు కాబట్టి తోడుగా డాక్టర్ ఉంటే బాగుంటుందని అడిగారు. ఈవిడ లీవు పెట్టి బయల్దేరారు.

ఎక్కగానే హెలెన్ నీళ్ల సంగతి చెప్పింది. ఉన్నవి రెండే ట్యాంకులు. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే మెషీన్ లేదు. తాగడానికీ వంటకీ తప్ప మంచినీళ్లు ముట్టకూడదు. స్నానమంటే డెక్ మీద కూర్చుని బకెట్‌తో ఉప్పునీళ్లు పోసుకోవడమే. మూడు రోజులకోసారి మాత్రం ఉప్పు కడుక్కోవడానికి ఒక మగ్గు మంచినీళ్లు. సరేనన్నారు విద్యావతి గారు.

మొదటి రెండు రోజులూ ఆవిడ బకెట్ పట్టుకుని పడుకునే ఉన్నారు. మంచినీళ్ల గుక్క కూడా కడుపులో నిలవలేదు. చుక్కాని దగ్గర ఆవిడ వంతు డ్యూటీ మిగతా ఇద్దరూ పంచుకున్నారు. మూడో రోజు లేచి నిలబడగలిగారు. పడవ ఒరిగినప్పుడు ఏ కమ్మీ పట్టుకోవాలో, దొర్లిపోకుండా దిండ్ల మధ్య ఇరుక్కుని ఎలా పడుకోవాలో చేతికీ ఒంటికీ తెలిసొచ్చింది. ఒలికిపోకుండా ఉప్మా కప్పులో పెట్టుకుని తినడం నేర్చుకున్నారు. కానీ జుట్టులో వాంతి వాసన పోలేదు. ఒంటి మీద ఉప్పు పొరలు కట్టింది. పొద్దున్నే తలారా స్నానం చెయ్యనిదే కాఫీ కూడా ముట్టని మనిషి.

బాత్రూమంటే పేరుకే, తలుపేసుకుంటే మోకాళ్లు గోడకి తగిలేంత చోటు. అక్కడ కాలితో నొక్కే చిన్న మంచినీళ్ల పంపు ఉంది. నొక్కితే చప్పుడు రాదు. ఆ రోజు రెండు మగ్గులు అనుకుని మొదలుపెట్టి పది మగ్గులు పోసుకున్నారు. ఆ హాయి మాటల్లో చెప్పలేనని తర్వాత మాతో అన్నారు. నాలుగో రోజూ, ఐదో రోజూ అంతే.

ఎనిమిదో రోజు దాకా రావాల్సిన మొదటి ట్యాంకు ఆరో రోజు పొద్దున్నే ఖాళీ అయింది.

రాస్ ముఖం మారిపోయింది. పడవ పాతది, ఎక్కడో పైపు పగిలిందనుకున్నాడు. నేల పలకలు ఒక్కొక్కటే ఎత్తి, టార్చి నోట్లో పెట్టుకుని కింద పాకుతూ వెతికాడు. నువ్వు పడుకునే చోట ఎప్పుడైనా తడి కనిపించిందా అని ఈవిడని అడిగాడు. నిజం చెప్పడానికి అదే సమయం. ఈవిడ నోట్లోంచి మాత్రం, "కొంచెం తడిగా ఉన్నట్టే ఉంది" అని వచ్చింది.

రాస్ ఆ మంచం కింది సందులోకి దూరాడు. అప్పుడే పడవ ఒక్క కుదుపు కుదిపింది. ఏదో రేకు అంచు తగిలి అరచెయ్యి చీరుకుపోయింది.

గాయం కడగాల్సింది విద్యావతి గారే. శుభ్రమైన నీళ్లు కావాలని హెలెన్‌ని అడిగితే, తాగే నీళ్లు తన చేతికోసం పాడుచెయ్యొద్దని రాస్ అడ్డు చెప్పాడు. ఈవిడ డాక్టర్‌లా గట్టిగా మాట్లాడి అరలీటరు తీసుకుని కడిగి, ఐదు కుట్లు వేశారు. చేతులు వణకలేదు. అదే తనకి ఎక్కువ సిగ్గనిపించిందని చెప్పారు.

ఆ రోజు నుంచి నీళ్లు సగానికి సగం తగ్గించారు. వాంతులతో నీరసించావు, నీకే ఎక్కువ కావాలంటూ హెలెన్ తన వంతులోంచి ఈవిడ గ్లాసులో పోసేది. విద్యావతి గారిది అనంతపురం. చిన్నప్పుడు ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని లైన్లో నిలబడినావిడ. లైన్ తప్పించి నీళ్లు పట్టుకున్నవాళ్లతో వాళ్లమ్మ జుట్టూ జుట్టూ పట్టుకోవడం కళ్లారా చూసినావిడ. ఆ గ్లాసు పుచ్చుకుని తాగారు. మర్నాడూ తాగారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రాస్ కట్టు కట్టిన చేత్తోనే మళ్లీ పలకలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఇక ఆవిడ వల్ల కాలేదు. చుక్కాని దగ్గరున్న హెలెన్‌ని పిలిచి, ఇద్దరి ముందూ చెప్పేశారు.

"లీకేం లేదు. నేను స్నానం చేశాను. మూడు సార్లు. తడి ఉందని కూడా అబద్ధం చెప్పాను."

రాస్ నేల మీదే కూలబడ్డాడు. "అయితే పడవ బాగానే ఉందన్నమాట" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాంకు కారిందంటే చీలిక పడవ అడుగునే ఉందేమో, ముగ్గురం మునిగిపోతామేమో అని రెండు రోజులుగా అతను నిద్రపోలేదట. ఆడవాళ్లిద్దరూ భయపడతారని పైకి అనలేదు.

హెలెన్ మాత్రం ఈవిడ వైపు చూడకుండానే అంది. "నీళ్లు వాడావని కాదు విద్యా. ఆయన్ని ఆ సందులోకి పంపించావు."

ఆవిడ మిగిలిన ఐదు రోజులూ తన వంతు డ్యూటీ చేశారు, వాళ్ల వంతు అంట్లు కూడా ఉప్పునీళ్లతో తోమారు. హెలెన్ మర్యాదగానే ఉంది కానీ గ్లాసులో ఎక్కువ పొయ్యలేదు. కోకోస్ చేరేసరికి ట్యాంకు అడుగున కొంచెం మిగిలింది. రాస్ కుట్లు తీసింది ఈవిడే. థాంక్స్ అన్నాడు. మళ్లీ ప్రయాణానికి రమ్మని వాళ్లిద్దరిలో ఎవరూ అనలేదు.

తిరిగొచ్చాక, ఇక్కడి తెలుగువాళ్లలో పెద్దాయన గోపాలరావు అంకుల్ వాళ్లింట్లో అందరం కలిశాం. సముద్రం దాటొచ్చిన మొనగత్తె అని మేమంతా చప్పట్లు కొట్టాం. తిమింగలాలు కనిపించాయా అని పిల్లలు ఇంగ్లీషులో అడిగారు. విద్యావతి గారు తల వంచుకుని ఇదంతా చెప్పారు, ఏమీ వదలకుండా.

గోపాలరావు అంకుల్ ఆవిడ మీద ప్రేమ కొద్దీ, "పోనీలేమ్మా, స్నానమేగా, మన అలవాట్లు వాళ్లకేం తెలుస్తాయి" అన్నారు. అవునవునని మేమూ తలలూపాం.

"అలా అనకండి అంకుల్. వాళ్లకి బాగానే తెలుసు. హెలెన్ తప్పు పట్టింది స్నానాన్ని కాదు" అన్నారావిడ. ఆవిడే లేచి అందరికీ పెరుగన్నం వడ్డించారు.