ఉత్తుత్తి పప్పులో ఉప్పు

ఈ రోజు చాండ్లర్ ఊళ్లో ఒక ఫర్నిచర్ షోరూమ్‌కి డైనింగ్ టేబుల్ కొనడానికి వెళ్లాం. ఇంట్లో ఉండేది ఇద్దరమే కాబట్టి నాలుగు కుర్చీల గుండ్రటి టేబుల్ చాలన్నారు మావారు. గిన్నెలు చేతికి అందుతాయో లేదో చూద్దామని, షోరూమ్‌లోనే కూర్చుని ఆయనకు ఉత్తుత్తి పప్పు వడ్డించాను. ఆయన బుద్ధిగా కలుపుకొని తిని, "కొంచెం ఉప్పు తగ్గిందోయ్" అన్నారు. లేని పప్పుకి కూడా వంకే!

నేను అలిగేలోపు పక్కనుంచి ఒక తెలుగు ఆంటీ, "ఏమ్మా, ఇక్కడ భోజనం కూడా పెడుతున్నారా?" అని అడిగారు. అలవాటు కొద్దీ, "రండి ఆంటీ, మీరూ కూర్చోండి" అనేశాను. ఆవిడ కూర్చుని, అంకుల్‌నీ కొడుకునీ కోడలినీ కూడా పిలిచారు. కుర్చీలు చాలక మావారూ నేనూ లేచి నిలబడి, వాళ్లకీ ఆ ఉత్తుత్తి పప్పే వడ్డించాం.

దాంతో ఎనిమిది కుర్చీల పొడుగు టేబుల్ ఆర్డర్ చేశాం. వెళ్తూ వెళ్తూ ఆంటీ, "పప్పులో ఉప్పు సరిపోయిందమ్మా" అన్నారు. ఇప్పుడు మీరే చెప్పండి, నేను ఎవరి మాట నమ్మాలి?