విరిచి చూడని కొమ్ము

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో ఆకాశాన్ని చీల్చుకుపోయే విమానాలున్నాయి, కూలిన కోటలున్నాయి, ఒక రాజ్యపు పతనముంది, నెత్తుటితో తడిసిన ఎడారి ఉంది. ఇలా మొదలుపెడితే మీరు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంటారని అన్నాను గానీ, అవేవీ నేను చూసినవి కావు. నేను చూసిందల్లా ఆర్మూరులో మా బాపు పసుపు కొని అమ్మే అడ్తి కొట్టు, ఎదురుగా ఒక చాయ్ హోటల్, ఆ హోటల్లో అల్మారా మీద నిలబెట్టిన టీవీ, మా అడ్తిలో గల్లాపెట్టె పక్కన ఒక నల్ల టెలిఫోను. మా యుద్ధమంతా రోడ్డుకు ఇటూ అటూ ఈ టీవీకీ ఆ ఫోనుకూ మధ్యనే జరిగింది. నలభై నిండీ నిండకముందే జ్ఞాపకాలు రాసుకోవడమేమిటని నా ఈడువాళ్ళు నవ్వవచ్చు. కానీ ఫోను మోగితే ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా లేచి పరుగెత్తిన కాలాన్ని చూసినవాళ్ళం గదా, మనం అప్పుడే పాతసామాను కింద లెక్క.

మొన్నొక మధ్యాహ్నం మా అక్క కొడుకు అడ్తికి వచ్చాడు. వాడికి గల్ఫ్ వీసా వచ్చింది, టికెట్ కొన్నాడు, పెద్ద సూట్‌కేసు కూడా కొన్నాడు. వాడు పోవలసిన దేశానికి కూతవేటు దూరంలో సరిగ్గా అప్పుడే ఒక యుద్ధం మొదలయింది. వాడు ఫోను నా ముక్కు దగ్గర పెట్టి ఒక వీడియో చూపించాడు. పైనుంచి తీసిన బొమ్మ, నలుపూ తెలుపూ, నడుమ కూడిక గుర్తు, దాని కింద ఏదో కట్టడపు కప్పు. తెల్లటి పొగ ఉబికింది. వెనకాల పెళ్ళి బరాత్‌లో వేసేలాంటి పాట.

"గిది సూడు మామా, ఏం గురి! సూదిల దారం ఎక్కించినట్టు కొట్టిండ్రు."

తన తండ్రి ఎలా పోయాడో వాడికి తెలియక కాదు. ఆ పొగలో మనిషి కనబడడు, అంతే. కనబడకుండా తీయడమే ఆ బొమ్మ గొప్పతనం.

గద్దె మీద కూర్చున్న మా బాపు ఆ మాట విన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు, చెవులు తనకు కావలసినవే వింటాయి. పళ్ళెంలోని శాంపిలు పసుపు కొమ్ము ఒకటి తీసి ఠప్పున విరిచాడు. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. ఊరికే విరిచాడు. నాకు ఇరవై ఏళ్ళు వెనక్కి పోయినట్టయింది.

పసుపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఉడకబెట్టి ఆరబెట్టిన కొమ్ము చూడడానికి ముసలివాడి వేలులా ముడతలు పడి ఉంటుంది. దాన్ని డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ చేస్తారు. తిప్పేటప్పుడు కాస్త పసుపు పొడి చల్లితే, పుచ్చిన కొమ్ము కూడా పెళ్ళికూతురిలా తయారవుతుంది. అందుకని మార్కెట్లో పైరంగును ఎవరూ నమ్మరు. కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, వాసన పీల్చి, అప్పుడు ధర మాట్లాడతారు. అందరూ బస్తాకు ఒకటీ అరా విరిస్తే మా బాపు దోసిలి నిండా విరిచేవాడు. సిరికొండ రైతు ఒకాయన, "సేటు కొనేది సగం, ఇరగ్గొట్టేది సగం" అని బహిరంగంగానే అనేవాడు. అక్కకు సంబంధం చూడ్డానికి జక్రాన్‌పల్లి పోయినప్పుడు, పెళ్ళికొడుకును విరిచి చూసే వీలు లేదు గనుక, వాళ్ళ కిరాణా కొట్టులో అతనిచేత కిలో చక్కెర తూయించి చూశాడట మా బాపు. అతను తక్కెడ ముల్లు నిలిచేదాకా చేయి దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. "గంతే సాలు, పిల్లగాడు మంచోడు," అని అక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఆ పిల్లగాడే మా బావ.

బావ నిజంగానే మంచివాడు. అతని కొట్టు నడవకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. పెళ్ళయిన కొన్నాళ్ళకు కొట్టు మూసి గల్ఫ్‌లో ఒక దేశానికి స్టోర్ కీపరుగా పోయాడు. ఆ దేశం పేరు మా అక్క ఉన్నచోట ఎవరమూ ఎత్తం, అలవాటు తప్పడం ఎందుకని ఇక్కడా ఎత్తడం లేదు. అక్క పసిబిడ్డతో అడ్తి వెనకే ఉన్న మా ఇంట్లో ఉండేది. ఇంటర్ తప్పి, చదువుకు నా సేవలు అక్కరలేదని తేలిపోయి, నేను అడ్తిలో కుదురుకున్న రోజులవి.

అప్పుడే ఆ దేశం మీద పడడానికి పెద్ద దేశమొకటి ముహూర్తం చూస్తూ ఉండేది. ఎడతెగని ప్రచారం. అక్కడ భయంకరమైన ఆయుధాలు దాచారని, తీరిగ్గా కూర్చుంటే లోకమే మిగలదని టీవీలో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు పొద్దస్తమానం చెప్పేవారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూపేవారు. నాలుగు రేకుల కప్పులు, వాటికి బాణం గుర్తులు. బాణం గుర్తు పెడితే రుజువైపోయినట్టే. మన బళ్ళలో గుండెకాయ బొమ్మకు బాణాలు గీసి ఎన్ని మార్కులు తెచ్చుకోలేదు? చాయ్ హోటల్లో అందరూ సేనాధిపతులయ్యారు. జక్రాన్‌పల్లి బస్సు ఏ వేళకు వస్తుందో తెలియనివాడు కూడా ఫలానా విమానం ఎంత ఎత్తున పోతుందో చెప్పేవాడు. అన్నిటికన్నా మాకు నచ్చింది గురి సంగతి. ఇప్పటి బాంబులు వెనకటిలా కాదట, ఊరి మీద పడవట, మంచివాళ్ళను పక్కకు జరిపి చెడ్డవాళ్ళనే వెతుక్కుని పోతాయట. అంత తెలివి మా అడ్తి గుమాస్తాకు ఉంటే బాగుండునని నేనంటే హోటలంతా నవ్వింది. నవ్వాము గానీ నమ్మాము కూడా.

ఒక ఆదివారం పొద్దున బావ ఫోను చేశాడు. పోదలచినవాళ్ళు పోవచ్చని ముదిరి చెప్పాడట. ముదిరి అంటే అక్కడి మేనేజరు. టికెట్ కూడా వాళ్ళే ఇస్తారట. కాకపోతే ఒప్పందం పూర్తికాకుండా పోతే చివర రావలసిన సొమ్ము రాదు. ఆ ఫోనులో మాట్లాడాలంటే అరవాలి గనుక అవతలి మాట కూడా అందరికీ వినబడేది.

"మామా, రమ్మంటవా? నువ్వు ఎట్లంటే గట్ల."

బాపు టీవీ వైపు చూడనుకూడా లేదు. దాని మాటలు అంతగా ఎక్కేశాయి లోపలికి.

"నువ్వేం ఫికర్ చెయ్యకు అల్లుడా. కిటికీలకెల్లి పోయి గా గదిల్నే పడ్తదట బాంబు. మీ గోదాముల ఏమున్నది?"

"సబ్బులు, చాపత్త మామా."

"మరి? సబ్బుల మీద బాంబెయ్యనీకి ఆళ్ళకేం పిచ్చి లేసిందా? ఇంక కొన్ని నెలలే గదా, నిమ్మలంగ ఒప్పందం ఒడగొట్టుకొని రా."

అక్క బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. "రమ్మను బాపూ, జర రమ్మను," అంది. ఆమె మాట ఫోనుదాకా పోలేదు. బాపు అప్పటికే పెట్టేశాడు, పట్టుకున్నకొద్దీ అల్లుడికి బిల్లు ఎక్కుతుందని.

నేను దీన్ని తలుచుకున్నప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఈ మనిషి జన్మంతా పైరంగు చూసి పావుకిలో పసుపు కొన్నవాడు కాదు. అవతలివాడు దేవుడి పటం మీద ఒట్టు వేసినా, "ఒట్టు నీది, సరుకు నాది," అని కొమ్ము విరిచేవాడు. అలాంటివాడు సముద్రాల అవతలి నుంచి డ్రమ్ములో తిప్పి పంపిన మాటను, సూటు బాగుందనో, బాణం గుర్తు నున్నగా గీశారనో, ఒక్కటీ విరిచి చూడకుండా మొత్తం లాటు కొనేశాడు. ఆయనొక్కడే కాదు, లోకంలో చదువుకున్న దేశాలన్నీ అలాగే కొన్నాయి. కాకపోతే వాళ్ళ అల్లుళ్ళు అక్కడ లేరు.

యుద్ధం మొదలయింది. హోటలాయన అందరికీ కనబడేలా టీవీని అల్మారా మీద నుంచి ఇంకా పైకి ఎక్కించాడు. రోజూ ఆ నలుపూ తెలుపూ బొమ్మలు, కూడిక గుర్తు, కప్పు, తెల్లటి పొగ. పొగ లేచినప్పుడల్లా అబ్బ అనేవాళ్ళం. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. క్రికెట్ ప్రపంచకప్పు అప్పుడే అయిపోయింది. ఆయుధాల గిడ్డంగి ధ్వంసమని కింద అక్షరాలు పరుగెత్తేవి.

ఫోను మోగడం ఆగిపోయింది. మా ఫోనంటే రైతులు మోగిస్తూనే ఉన్నారు, బావ మోగించడం ఆగింది. బాపు గద్దె దిగకుండా దాని పక్కనే కూర్చున్నాడు. ఎవరైనా రేటు అడగడానికి చేస్తే, "పెట్టెయ్యి, లైను కావాలె," అని కసిరేవాడు. అక్క వంటింటికీ అడ్తికీ తిరిగేది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే నేను ఆ రోజుల్లో ఏమన్నానో గుర్తు లేదు.

చివరకు ధర్పల్లి అతను ఒకడు చేశాడు. బావతో కలిసి పనిచేసి, సరిహద్దు దాటి పక్క దేశం చేరినవాడు. గోదాము లేదన్నాడు. బాపు అర్థంకానట్టు, "గోదాము లేకుంటే సరుకు ఎక్కడ పెట్టిండ్రు?" అని అడిగాడు. అవతలివాడి ఏడుపు నాకు గుమ్మం దాకా వినబడింది.

టీవీలో మేము అబ్బ అన్న పొగల్లో మా బావది ఏదో మాకు తెలియదు. ఏదీ కాకపోవచ్చు. అన్నీ ఒకేలా ఉండేవి.

శవం రాలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. బావ తమ్ముడి ఒళ్ళో కూర్చుని, అతను చేయి పట్టి చేయించినదంతా చేస్తూ, పసివాడు దర్భ ఒకటి లాగి నోట్లో పెట్టుకోబోయాడు. ఆ సాయంత్రం అక్క మా బాపు ఎదుట నిలబడి ఒకే మాట అంది. గొంతు కూడా పెంచలేదు.

"గా టీవీ మాటను గూడ జర ఇరిసి సూడకపోతివి బాపూ."

మళ్ళీ ఎన్నడూ అనలేదు. అవసరం పడలేదు.

కొన్నాళ్ళకు ఆ పెద్ద దేశం వెతికి వెతికి, ఆయుధాలేవీ దొరకలేదని చెప్పింది. తప్పయిందని కాదు, తమకు అందిన సమాచారం సరిగా లేదని. ఆ వార్త లోపలి పేజీలో, పంటల బీమా ప్రకటన పక్కన, చిన్న అక్షరాల్లో వచ్చింది. మా మార్కెట్లో తడి సరుకు అంటగట్టి సమాచారం సరిగా లేదని ఎవరైనా అంటే, వాడి దగ్గర మళ్ళీ జన్మలో ఎవరూ బస్తా కొనరు. వాళ్ళ దగ్గర మాత్రం లోకం మళ్ళీ మళ్ళీ కొంటూనే ఉంది. అదే డ్రమ్ము, అదే పాలిష్, కొత్త లాటు.

మొన్న కొమ్ము విరిచాక మా బాపు మనవణ్ణి దగ్గరకు పిలిచాడు.

"పోకు బిడ్డా."

"ఏం కాదు తాతా. మనముండేకాడికి యుద్ధం రాదని ఏజెంటు చెప్పిండు. ఆళ్ళది పక్కా గురి. నువ్వు ఊకెనే పరేశాన్ అయితున్నవ్."

బాపు చేతిలోని రెండు ముక్కలను చూస్తూ కూర్చున్నాడు. అక్క అప్పుడే మాకు చాయ్ పట్టుకొచ్చి గుమ్మంలో ఆగింది, ఆనాడు బిడ్డను భుజాన వేసుకుని నిలబడ్డ చోటనే.

"మీ నాయనకు గిదే మాట నేను చెప్పిన," అన్నాడు బాపు. "వస్తనని అడిగిండు. అవుసరం లేదన్న. గురి తప్పదని నేనే చెప్పిన."

వాడికి బాంబు సంగతి తెలుసు గానీ ఈ ఫోను సంగతి తెలియదు. ఇరవై ఏళ్ళు ఎవరమూ చెప్పలేదు. వాడు తల్లి వైపు చూశాడు. అక్క గ్లాసులు దింపి, తండ్రి చేతిలోని కొమ్ము ముక్కలు తీసుకుని పళ్ళెంలో పెట్టి, చాయ్ గ్లాసు ఆ చేతిలో పెట్టింది. చల్లారుతుంది తాగు బాపూ అంది. మా బాపు ఏడవడం నేనప్పుడే చూశాను.

వాడు ఫోను జేబులో పెట్టేశాడు. బరాత్ పాట జేబులోంచి ఇంకాసేపు వినబడి ఆగింది.

ఇప్పుడు మా మార్కెట్లో కొమ్ము విరిచేవాళ్ళు తగ్గిపోయారు. సరుకు నాణ్యత మిషను చూసి చెబుతుంది, ధర ఫోనులో పడుతుంది, ఠప్పుమనే చప్పుడు లేక బేరమంతా మూగదైపోయింది. అప్పట్లో యుద్ధం చూడాలంటే రోడ్డు దాటి హోటలుకు పోవలసి వచ్చేది, కనీసం చాయ్ కొనవలసి వచ్చేది. ఇప్పుడు ఎవరి యుద్ధం వాళ్ళ జేబులోనే ఉంది, పాటతో సహా. ఆ రోజుల్లో అబద్ధం చెప్పేవాడు కనీసం ఇస్త్రీ సూటు వేసుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని చెప్పేవాడు. నమ్మించడానికి అంత కష్టపడేవాళ్ళు. ఇప్పుడు ఆ పాటి శ్రమ కూడా లేదు. నమ్మడానికి మనమే ముందుగా తయారై ఉంటున్నాం. విరిచి చూడమని చెప్పడానికి ప్రతి ఇంట్లోనూ ఒక ముసలాయన ఉంటాడా, ఉన్నా అది నేర్చుకోవడానికి ఆయన ఏమి పోగొట్టుకుని ఉండాలి అని ఆలోచిస్తూ ఉంటాను.

మావాడు పోవడం లేదు. టికెట్ డబ్బులు వాపసు రావట. సూట్‌కేసుకు ధర చీటీ ఇంకా తీయలేదు గనుక కొట్టతను వెనక్కి తీసుకున్నాడు, అయితే డబ్బు ఇవ్వడట, బదులు సామాను ఏదైనా తీసుకోవాలట. అక్క ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంది. ఐదు లీటర్లది.