శివపార్వతి పేగుపూత

గుంట మగ్గంలో కూర్చున్న మనిషి లేవాలంటే కొంచెం సమయం పడుతుంది. గుంటలోంచి కాళ్ళు లాక్కోవాలి, చేతుల మీద బరువు మోపాలి, చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలి. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు వానాకాలం నుంచి శివపార్వతికి ఆ కొంచెం సమయం కూడా దొరక్కుండా పోయింది. కడుపులో మెలిపెట్టిందంటే పోగు దూర్చే నాడె ఎక్కడిదక్కడ వదిలేసి, పెరటి గుమ్మంలోంచి కాలవగట్టు వైపు పరుగెత్తేది. వెళ్ళిన ప్రతిసారీ జిగట. ఆ జిగటలో రక్తం.

పెడనలో వాళ్ళ వీధంతా నేతవాళ్ళే. భర్త మల్లేశ్వరరావు పక్క మగ్గం మీద నేసేవాడు. అత్తగారు చౌడేశ్వరమ్మ నూలు కండెలు చుట్టిపెట్టేది. వేడి చేసిందని ఆవిడ సగ్గుబియ్యం జావ కాచి పోసింది. ఊళ్ళో డాక్టరు అమీబా అన్నాడు, మాత్రలిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేది.

రక్తం సంగతి మాత్రం శివపార్వతి ఎవరికీ చెప్పలేదు. ఆమె మేనత్త ఇలాగే రక్తం పోయి, చిక్కి సగమై కన్నుమూసింది. ఆ జబ్బు పేరు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం చిన్నప్పుడు విన్నది. క్యాన్సర్ అన్న ఆ మాట తన నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం. చివరికి ఒకరోజు నేస్తూ నేస్తూనే మగ్గం మీదికి వాలిపోయింది. మొహాన నీళ్ళు చల్లి లేపిన మల్లేశ్వరరావుతో అప్పుడు చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు పార్వతీ?"

"చెబితే మీరేం చేస్తారండీ" అంటూ ఏడ్చింది.

బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్దామన్నాడు. ఆమెకు ఆసుపత్రి కంటే బస్సే పెద్ద భయం. ముందురోజు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. బందరులో బస్సు మారి, ద్వారం పక్క సీట్లో కూర్చుంది. ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళు రోడ్డుకడ్డంగా బారులు తీరి ఉన్నాయి. బస్సు నత్తలా కదులుతోంది. సరిగ్గా అప్పుడే కడుపులో మెలి మొదలైంది.

"కండక్టరు గారూ, ఒక్క నిమిషం ఆపించండి" అంది.

"ఇక్కడెక్కడమ్మా? వెనకాల లారీలున్నాయి. స్టాండులో దిగుదురుగాని."

"అందాకా ఆగలేదండీ, జబ్బు మనిషి!" అని మల్లేశ్వరరావు అరిచాడు. బస్సంతా ఇటు తిరిగింది. శివపార్వతి తల వంచుకుంది. ఎదురు సీట్లో చేపల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ లేచి, "ఏంటయ్యా ఆలోచిస్తావు, ఆపించు!" అని గద్దించింది. బస్సు ఆగగానే గంప మల్లేశ్వరరావు చేతిలో పెట్టి, తనే శివపార్వతిని పట్టుకుని దించింది. చెరుకు తోట గట్టు పక్కన తన పైట చెంగు విప్పి అడ్డం పట్టి నిలబడింది. "సిగ్గెందుకే పిచ్చితల్లీ, అందరికీ ఉన్న కడుపేగా" అంది. పేరైనా అడగలేకపోయినందుకు శివపార్వతి చాలాకాలం బాధపడింది.

ఆసుపత్రిలో తిరుపతిరావు అనే డాక్టరు దీపం ఉన్న గొట్టంతో లోపల చూసి, పేగు పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఆ ఫలితం వచ్చేదాకా ఆమె వార్డులోనే ఉంది. అన్నం సహించలేదు. ఎవరి బూట్ల చప్పుడు వినిపించినా తన కోసమేననుకుని లేచి కూర్చునేది.

డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "క్యాన్సర్ కాదమ్మా. అమీబా కూడా కాదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. కానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

"రక్తంలో తెల్ల కణాలని ఉంటాయి. బయటి క్రిమి లోపలికొస్తే దాని మీద పడి చంపడం వాటి పని. మీ పేగు లోపలి పొరలో అవి గుంపులు గుంపులుగా చేరిపోయినయ్. చంపాల్సిన క్రిమి ఏదీ మాకు కనపడలా. అయినా అవి ఊరుకోటంలా. వాటి ధాటికి పొర పుండై రక్తం కారుతోంది. పేగుపూత అంటాం."

"ఎందుకలా చేస్తున్నాయండీ?" అని మల్లేశ్వరరావు అడిగాడు.

"తెలీదు. పెద్ద పెద్ద దేశాల్లోనూ ఇంకా వెతుకుతూనే ఉన్నారు."

"పోనీ వాటిని చంపే మందివ్వండి" అంది శివపార్వతి.

"చంపేస్తే ఎట్లాగమ్మా? ఏ చిన్న జ్వరమొచ్చినా తట్టుకోవాలంటే అవే కావాలి. ఈ పుండు మానాలన్నా వాటి సాయం ఉండాల్సిందే. అందుకని వాటి జోరు తగ్గించే మందిస్తాను. ఒక్క మాట. ఆ మాత్రలు మీ అంతట మీరు మానెయ్యకూడదు. నేను కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది."

మాత్రలతో రక్తం ఆగింది. ఆకలి పుట్టింది. మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. వీధిలో వాళ్ళు ఒళ్ళు చేశావే అంటే నవ్వి ఊరుకునేది. కానీ డాక్టరు మోతాదు బాగా తగ్గించినప్పుడల్లా మళ్ళీ రక్తపు చార కనిపించేది. రోజూ ఉదయం దొడ్డికి వెళ్ళినప్పుడు చూసుకోవాలంటే ఆమెకు భయం.

డెబ్భై ఏడు నవంబరులో తుఫాను వచ్చింది. రాత్రంతా గాలి ఊళ మధ్య ముగ్గురూ మంచం కింద దూరి కూర్చున్నారు. తెల్లవారేసరికి కప్పు లేదు. మగ్గం గుంటల్లో నీళ్ళు నిండాయి. గూట్లోని మాత్రల పొట్లం తడిసి ముద్దయిపోయింది. బందరులో మందుల కొట్లన్నీ నీళ్ళపాలయ్యాయని తెలిసింది. బస్సుల్లేక మల్లేశ్వరరావు మాత్రల కోసం బెజవాడకు నడక మొదలెట్టాడు.

ఆయన వెళ్ళాక ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. ఊరంతా కలరా భయం. బడిలో పెట్టిన సహాయ శిబిరానికి చౌడేశ్వరమ్మ కోడల్ని నడిపించుకెళ్ళింది. అక్కడి నర్సు తెరేసమ్మ కలరా వాళ్ళ వైపు పడుకోబెట్టబోయింది.

"నాకు పాత జబ్బుందండీ. మాత్రలు ఆగిపోయినయ్" అంది శివపార్వతి. ఏం మాత్రలో పేరు చెప్పింది.

తెరేసమ్మ నాడి చూసింది. విరేచనంలో రక్తం చూసింది. "ఇది కలరానో నీ పాత జబ్బో నేను తేల్చలేనమ్మా. రెండూ కావచ్చు. నువ్వు తింటున్న మందుకి ఒంట్లో ఎదురు నిలిచే శక్తి తగ్గుతుంది, వేరే జబ్బు పట్టినా పట్టొచ్చు" అని, వేరే గదిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించింది. శిబిరంలో ఆ మాత్రలు లేవు.

లోపల ఏం జరుగుతోందో తెలియక శివపార్వతి కళ్ళు మూసుకుంది. క్రిమి వచ్చిందా? లేక అదుపు తప్పిన ఆ కణాలే మళ్ళీ పొర మీద పడ్డాయా? ఏదైనా బాధ ఒకటే. చౌడేశ్వరమ్మ మనవరాలిని లాలించినట్టు ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "వాడొచ్చేస్తాడే, వచ్చేస్తాడు" అంటూ కూర్చుంది.

మల్లేశ్వరరావు మోకాళ్ళదాకా బురదతో, ఏదో సహాయం లారీ ఎక్కి తిరిగొచ్చాడు. మాత్రలు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి నడుముకు కట్టుకున్నాడు. మాత్ర పడ్డాక కూడా రక్తం వెంటనే ఆగలేదు. తేరుకోవడానికి ఆ చలికాలమంతా పట్టింది.

ప్రభుత్వం ఇచ్చిన ఇటుకలతో వీధిలో అందరూ ముందు మగ్గాల పాకలు నిలబెట్టుకున్నారు. మల్లేశ్వరరావు మాత్రం మొదట పెరట్లో మరుగుదొడ్డి కట్టాడు. ఆ వీధికి అదే మొదటిది. చౌడేశ్వరమ్మ అడ్డు చెప్పలేదు.

జబ్బు పూర్తిగా పోలేదు. ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉంది. మధ్యలో నెలల తరబడి హాయిగా ఉండేది. అలాంటప్పుడు శివపార్వతి జోరుగా నేసేది. పెళ్ళిళ్ళకు వెళ్ళేది, బస్సెక్కేది. బస్సెక్కితే మాత్రం ద్వారం పక్కనే కూర్చునేది.