మెట్లెక్కని తవుడు

మా ఆఫీసుకి దయ్యం వార్త ఏదైనా వస్తే నన్నే పంపేవారు, నమ్మని మనిషినని. కంచరపాలెంలో ఒక ఇంటి మీద రోజూ రాళ్లు పడుతున్నాయంటే వెళ్లి, అది పక్కింటివాళ్లతో ఉన్న గొడవేనని తేల్చి వచ్చాను. హార్బరు దగ్గర ఒక గోడౌనులో ఏడుపు వినిపిస్తోందంటే వెళ్లి చూసి, ఊడిపోయిన రేకు గాలికి చేసే చప్పుడని రాశాను. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఇక్కడ చెప్పబోయేది దయ్యం కథ అని కూడా అనను. ఏమిటో తెలియనిదానికి పేరెలా పెట్టను?

ఇది డెబ్బైల చివరి మాట. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజులు. నేను ఒక దినపత్రికకి విశాఖపట్నంలో రిపోర్టరుని. ఆసుపత్రులు, ఆరోగ్య శాఖ నా వంతు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మ వేసిన జీపులెక్కి నర్సమ్మలతో పాటు పల్లెలకి వెళ్లేవాణ్ని. వాళ్లు గర్భిణులకి ధనుర్వాతం సూది వేసేవారు, రక్తం పట్టే మాత్రలు ఇచ్చేవారు. పురుడు ఇంట్లో వద్దు, ఆసుపత్రికి రండి అని నేను రాసేవాణ్ని. పురిటింటి మూఢనమ్మకాల మీద కాస్త వెటకారంగా కూడా రాశాను. మనస్ఫూర్తిగానే రాశాను.

అప్పటికి మా ఇంట్లో ఇద్దరు బిడ్డలు పోయారు. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండోవాడికి పురిటి స్నానం రోజు దాకా కూడా ఆయుష్షు లేకపోయింది. మూడోసారి నా భార్య రాజ్యాన్ని నెలనెలా పరీక్షలకి తిప్పి, ఊళ్లో పెద్ద కాన్పుల ఆసుపత్రిలో చేర్చాను. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది.

అలాంటి బిడ్డల కోసం ఆ వార్డులో ఒక చెక్కపెట్టె ఉండేది. లోపల కరెంటు బల్బు పెట్టి, ఆ వెచ్చదనానికి పడుకోబెట్టేవారు. వార్డు మొత్తానికి పెట్టె ఒకటే. అందులో అప్పటికే ఇంకెవరిదో బిడ్డ ఉంది. మా పిల్లని దూదిలో చుట్టి, తల్లి పక్కన వేడినీళ్ల సీసాల మధ్య ఉంచారు. రొమ్ము పట్టలేదు. ఏడవలేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి గ్లూకోజు నీళ్లు పంపుతున్నారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, చెయ్యగలిగిందంతా చేస్తున్నామని చెప్పారు. ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు.

ఆ పొద్దున్నే మా అమ్మ తగరపువలస దగ్గరి మా పల్లె నుంచి బస్సులో వచ్చింది. సంచిలో చేట తెచ్చింది.

బిడ్డలు దక్కని ఇళ్లలో మా వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పరాయి ఆడమనిషికి ఇచ్చేస్తారు. ఆవిడ కన్న పిల్లలంతా బతికుండాలి. ఆ క్షణం నుంచి బిడ్డ ఆవిడదే. తర్వాత తండ్రి తవుడు తెస్తాడు. ఆ తవుడు పుచ్చుకుని ఆవిడ బిడ్డని తిరిగి తల్లికి అమ్ముతుంది. తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డని మృత్యువు కూడా ఖాతరు చెయ్యదని నమ్మకం. మా ప్రాంతంలో ఇంతమంది తవిటయ్యలు, తవిటమ్మలు ఉన్నారంటే అందుకే.

అమ్మ అప్పటికే వార్డు ఆయాతో మాట్లాడేసింది. ఆవిడ పిల్లలంతా నిక్షేపంగా ఉన్నారట, ఒప్పుకుంది. ఇక తవుడే తక్కువ.

"నాను తెత్తే పనికిరాదు. తండ్రే తేవాల," అంది అమ్మ. "ఎల్లు నాయినా, ఆలీసం సెయ్యకు."

నేను రాసిన రాతలు గుర్తుచేశాను. అమ్మ వాదించలేదు. రాజ్యం గుడివాడ వైపు పిల్ల, ఈ ఆచారం ఆమె ఎరగదు. అయినా తల నా వైపు తిప్పి, "మీరు నమ్మక్కర్లేదండీ. తెస్తే చాలు," అంది.

వెళ్లాను. పూర్ణా మార్కెట్టు పక్క సందులో పశువుల దాణా అమ్మే కొట్లో తవుడు పొట్లం కట్టించుకున్నాను. దారిలో పొట్లం చిరిగి చొక్కా నిండా పొడి రాలింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో కొత్తగా కట్టబోయే పిల్లల వార్డుకి శంకుస్థాపన ఉందన్న సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. గేటు దగ్గర కార్లు ఆగి ఉన్నాయి. పోర్టికోలో అధికారులు, దండలు, బయటి నుంచి వచ్చిన అతిథులు. మా పత్రికల వాళ్లంతా అక్కడే ఉన్నారు. ముందుగా నన్ను చూసింది మా ఫోటోగ్రాఫరు అప్పారావు.

"ఏటి బావ, గేదిని గానీ కొన్నావేటి?" అన్నాడు. "పాలు మాకూ పోయించు మరి."

అందరూ నవ్వారు. మా బిడ్డ పరిస్థితి అతనికి తెలియదు. తెలిస్తే అనేవాడు కాదు. ఆ నవ్వులు విని ఒక జిల్లా అధికారి ఇటు తిరిగి, అతిథులకి నన్ను పరిచయం చేశాడు. పురిటింటి మూఢనమ్మకాల మీద రాసింది ఈయనే అని చెప్పాడు. వాళ్లు నాకు నమస్కారం పెట్టారు. నేను పొట్లం వీపు వెనక్కి దాచి, ఒంటి చేత్తో ప్రతినమస్కారం చేశాను. పక్కనే డాక్టరమ్మ ఉన్నారు. నా చొక్కా చూశారు, చూపు తిప్పుకున్నారు. ఆవిడదీ మా ప్రాంతమే. తెలియకుండా ఉండదు.

"అమ్మకి కాళ్లనొప్పులు, కాపడానికి," అన్నాను. ఎవరూ అడగలేదు.

మా వార్డు మేడ మీద, మెట్లు పోర్టికోలోంచే ఉన్నాయి. వాళ్ల మధ్య నుంచి ఆ పొట్లంతో నడిచి వెళ్లలేకపోయాను. వెనక వైపు, బట్టలుతికే చోటుకి వెళ్లాను. అక్కడ ఒక ఆవు తిరుగుతోంది. పొట్లం విప్పి దాని ముందు పోశాను. నేల నాకి శుభ్రం చేసి, కాగితం కూడా నమిలేసింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను, చొక్కా తడిచేత్తో తుడుచుకున్నాను. కొట్టు మూసి ఉందని చెప్పాలనుకున్నాను. ఆ అబద్ధం కూడబలుక్కుంటూ అక్కడే నిలబడ్డాను. పైన బిడ్డ ఉందో లేదో తెలియదు. నాకు చొక్కా ఆరాలి.

ఆరాక పైకి వెళ్లాను.

అమ్మ మంచం పట్టె మీద కూర్చుని కళ్లు ఒత్తుకుంటోంది. పక్కన ఖాళీ చేట. రాజ్యం నన్ను చూసి మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. పిల్ల రొమ్ము పట్టుకుని ఉంది. ఆగి ఆగి, కానీ తాగుతోంది. నుదుటి మీద, దూది మీద తవుడు పొడి అంటుకుని ఉంది. చేట అల్లిక సందుల్లోనూ ఉంది. వేలితో తీసి చూశాను. తవుడే.

జరిగింది అమ్మ చెప్పింది. ఎవరో ముసలామె వచ్చిందట. పొడుగ్గా, నల్లగా, రవిక లేకుండా చీర చుట్టుకుని ఉందట. ఆయా తనకి వీలుకాక పంపిందేమో అనుకుని, నీ పిల్లలు బతికున్నారా అని అమ్మ అడిగింది. అందరూ ఉన్నారని చెప్పి, ఆమె బిడ్డని చేటలోకి తీసుకుంది. తవుడేదని అమ్మ అడగబోయేలోపు కొంగు విప్పి చూపించిందట.

"మీ ఆయన కిందే ఉన్నాడమ్మా," అందట రాజ్యంతో. "నలుగుర్లో సిగ్గుపడతన్నాడు. పోనీలే, నా సేతికి ఇచ్చీసినాడు."

అమ్మ ఆ తవుడు దోసిట్లోకి తీసుకుని, బేరం చెప్పి, మళ్లీ ఆమె ఒళ్లో పోసింది. ఆమె బిడ్డని రాజ్యం ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

రాజ్యం నా చొక్కా అంచు పట్టుకుని, "ఎంత సిగ్గయిందో పాపం, అయినా తెచ్చారు," అంది.

నేను చొక్కా విడిపించుకుని, ఆయాని వెతకడానికి కిందికి దిగాను.

రిపోర్టరు చెయ్యాల్సిన పనులన్నీ చేశాను. ఆయాని అడిగాను. మధ్యాహ్నం నుంచి ఆమెని అతిథుల టీల పనికి కిందే ఉంచారు, ఆమె ఎవరినీ పంపలేదు. పక్క మంచం బాలింత ముసలామెని చూసింది, మా చుట్టం అనుకుంది. వార్డు తలుపు దగ్గర కూర్చునే సిస్టరు చూడలేదు. వార్డు కిటికీలు సముద్రం వైపు ఉన్నాయి. అక్కడి నుంచి ఉతికే చోటు కనపడదు. ఎవరో చాటు నుంచి నన్ను చూసి, జాలిపడి ఇంకెక్కడి నుంచో తవుడు తెచ్చి ఉండొచ్చు. అలా చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ నేను పారబోయడం చూసిన మనిషి పారబోశాడని చెబుతుంది. ఇచ్చాడని చెప్పదు.

పిల్ల ఎలా బతికిందన్న దాంట్లో నాకు సందేహం లేదు. గ్లూకోజు, వెచ్చదనం, డాక్టరమ్మ ఓర్పు బతికించాయి. మర్నాడు చెక్కపెట్టె ఖాళీ అయింది. మా పిల్లని అందులో పెట్టారు. అది ఎందుకు ఖాళీ అయిందో నేను అడగలేదు. వరండాలో ఆ పెట్టెలోని బిడ్డ తండ్రి, ఓడరేవులో మూటలు మోసే కలాసీ, గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే అతని ముందు నుంచి తల వంచుకుని నడిచాను. మా బిడ్డకి తవుడు కొలిచారన్న మాట అతని దాకా వెళ్లి ఉంటుందని నా భయం.

తవిటమ్మ అనే పేరు పెడదామని అమ్మ అంటే వెంటనే ఒప్పుకున్నాను. పేపర్లో రాసే మనిషినైనా నాకు పట్టింపులు లేవని మా వీధిలో మెచ్చుకున్నారు. ఎవరింటికి వెళ్లినా రాజ్యం ఈ కథ చెప్పేది. అంతమంది పెద్దల మధ్య, వెక్కిరిస్తున్నా వినకుండా, పొట్లం పట్టుకుని వచ్చారని. నేను తల దించుకునేవాణ్ని. అణకువ అనుకునేవారు.

తవిటమ్మకి పదేళ్లు దాటాక ఒకరోజు స్కూలు నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ, నాయనమ్మ చెప్పింది చాలాసార్లు విన్నానంది.

"ఆవిడ చేతిలో తవుడు పెట్టింది నువ్వే కదా నాన్నా. ఎలా ఉంటుంది? నీతో ఏమైనా అందా?"

పొడుగ్గా, నల్లగా ఉంటుందని మా అమ్మ చెప్పిన ఆనవాళ్లే చెప్పాను. ఏమీ అనలేదమ్మా అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుని, ఎప్పుడైనా కనపడితే దండం పెడతానంది.

ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ తవుడు ఎక్కడిదో తెలియదు. నేను ఇచ్చానని చెప్పి నన్ను ఎందుకు కాచిందో అసలే తెలియదు.