మూడో సిలిండర్ కోసం గిద్దలూరు దాకా

ఉదయం ఆరింటికి మార్కాపురంలో ముగ్గురం బయలుదేరాం: నేను, మా ఆవిడ సుబ్బమ్మ, ఎక్కిళ్లు పెట్టే మా జీపు. నాయన కొన్న పెట్రోలు జీపు అది. మూడు నెలలుగా దాని ఎక్కిళ్లకు నల్లమల పులులు శ్రీశైలం వైపు కాపురం మార్చేశాయని వినికిడి. మార్కాపురం మెకానిక్కులు ప్లగ్గులు మార్చారు, కార్బురేటరు కడిగారు, చివరికి దణ్ణం పెట్టారు. ఇక మిగిలింది గిద్దలూరు మస్తాన్ భాయ్.

"ఈ పొద్దు బాగుపడకుంటే సాయంత్రం పొదిలి పాత ఇనుమాయనకు ఇచ్చేస్తా. ఇంటికి రమ్మని చెప్పినా," అంది సుబ్బమ్మ.

ఏడున్నరకు తర్లుపాడులో ఇడ్లీ. కారప్పొడి ఒక్క చెంచా జీపులో పోస్తే విమానమయ్యేది. అక్కడ ఒక అవ్వ కంభం దాకా అని ఎక్కింది. మూడో ఎక్కిలికి ఆమె సంచిలోని వంకాయలు నా ఒళ్లో పడ్డాయి.

"ఏందమ్మా ఇది! దిష్టికి నిమ్మకాయ కట్టలేదా?"

"కట్టకేం అవ్వా! ముందర కడితే మేకలు తింటన్నాయని బానెట్ లోపల కట్టినా. ఎక్కిళ్లు తగ్గకుంటే ప్రతి శనివారం ఇంకోటి కడతన్నా."

"మంచిపని చేసినావు," అని మెచ్చుకుని, అవ్వ తరువాతి ఊళ్లోనే దిగిపోయింది. "బస్సులో పోతాలే నాయనా. మనవడి పెళ్లి చూసి పోవాలని ఉండాది."

పదకొండున్నరకు గిద్దలూరు. మస్తాన్ భాయ్ ఇంజను ఆడుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఒకటో వైరు తీస్తే ఇంజను తూలింది. రెండు, నాలుగు తీసినా అంతే. మూడోది తీస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

"మూడో సిలిండరే పని చెయ్యడంలా అన్నా," అంటూ వైరు మళ్లీ పెట్టి, బానెట్ మీద దుప్పటి కప్పి, నా తల కూడా లోపలికి లాగాడు. మిట్టమధ్యాహ్నం ఆ చీకట్లో నీలి మెరుపులు! ప్లగ్గుకు పోవాల్సిన నిప్పు, ఒరుసుకుపోయిన మూడో వైరులోంచి, దానికి చుట్టిన నిమ్మకాయల ఇనుప తీగమీదకు దూకుతోంది. తీగకు పన్నెండు నిమ్మకాయలు!

"ఇంతమంది మెకానిక్కులూ చూళ్లేదా?" అన్నాను.

"చూసే ఉంటారు. దిష్టి నిమ్మకాయ ఎవరు ముట్టుకుంటారన్నా? నేనూ ముట్టుకోను. కట్టిన చెయ్యే విప్పాల. అక్కా, ఇట్ల రా."

ఇంజను ఆపాక సుబ్బమ్మ కళ్లు మూసుకుని విప్పింది. కొత్త వైరు పడింది. తాళం తిప్పితే ఒక్క ఎక్కిలి లేదు! నేను పెట్టిన కేకకు బస్టాండులో ఆగిన బస్సులు కదిలిపోయాయి.

బిర్యానీ తిని రెండింటికి తిరుగు ప్రయాణం. కంభం బస్టాండులో అదే అవ్వ! బతిమాలి ఎక్కించుకున్నాం. ఊరు దాటాక మెల్లగా అడిగింది: "చప్పుడే లేదు, బండి ఆగిపోయిందా ఏంది నాయనా?" అంతకన్నా గొప్ప సన్మానం నా జన్మలో జరగలేదు.

ఈ దారిన వచ్చేవారికి నా మాట ఒక్కటే. ఇడ్లీ తర్లుపాడులో తినండి, బిర్యానీ గిద్దలూరులో తినండి, నిమ్మకాయ మాత్రం బండి బయటే కట్టండి.

నాలుగున్నరకు ఇల్లు చేరేసరికి గేటు దగ్గర పాత ఇనుమాయన.

"అమ్మేది లేదన్నా," అంది సుబ్బమ్మ, నాకన్నా ముందే.

ఆయన జీపు చుట్టూ తిరిగి నోరు తెరిచాడు. "అబ్బ, ఏముండాది బండి!"

ఆ మాట వినగానే సుబ్బమ్మ నిమ్మకాయ కోసం వంటింట్లోకి పరుగెత్తింది. నేను ఎగిరి బానెట్ మీద కూర్చున్నాను.