గోడ లేని పురుగు

నా చిన్నప్పుడు కామసముద్రం పక్కన మా ఊళ్లో వాన పడితే అందరూ సంతోషించేవారు, మా అవ్వ మాత్రం భయపడేది. ఆమె పట్టుపురుగులు పెంచేది. వాటికి తడి ఆకు పడదు. వాన రోజుల్లో మల్బరీ ఆకును గోనెపట్టాల మీద పరిచి, పూర్తిగా ఆరాకే మేత వెయ్యాలి.

మా నాయన కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసేవాడు. గని సర్కారుదయ్యాక క్వార్టర్సు దొరికింది, అవ్వను అక్కడికి తీసుకుపోతానని పట్టుబట్టాడు. "ఈ పంట నిలబడితే నేను యాడికీ రాను. చెడితే నీ ఎంబడే వస్తా" అని అవ్వ నా ఎదుటే మాటిచ్చింది.

పురుగులు గూళ్లు కట్టే సమయం దగ్గరపడింది. అప్పుడే ముసురు పట్టింది, అవ్వ జ్వరంతో మంచాన పడింది. మేత పని నాకు అప్పగించింది. బయట పిల్లలు పిలుస్తున్నారు. కాసిన్ని చుక్కలకే ఏమవుతుందిలే అనుకుని, ఆ వారమంతా ఆకును తడిగానే తట్టల్లో వేసి పరుగెత్తాను.

పురుగులు మేస్తుంటే ఆ గదిలో ఎప్పుడూ చిన్న జల్లు కురుస్తున్నట్టు చప్పుడుండేది. ఒక ఉదయం అది వినిపించలేదు. పురుగులు మెత్తబడి నల్లబడుతున్నాయి.

పక్కింటి అక్క కేజీఎఫ్ కాలేజీలో సైన్సు చదివేది. ఏడుస్తూ ఆమెకు అంతా చెప్పాను. తిట్టలేదు. పురుగుల గది గడప దగ్గర చల్లడానికి ఉంచిన సున్నప్పొడి గుప్పెడు తీసి నేల మీద గీతలు గీసింది.

"చూడప్పా, ఇది ఆకు కణం. చుట్టూ గట్టి గోడ ఉండాది. లోపల పచ్చటి గింజలు, పెద్ద నీళ్లతొట్టి, యజమానికి ఒక గది, అదే న్యూక్లియస్. ఇది పురుగు కణం. గది ఉండాది, గోడ లేదు, పల్చని పొరే." చివర సన్నటి గీత ఒకటి పెట్టింది. "ఇది తడిలో పెరిగే బాక్టీరియా. గోడ ఉండాది, గది లేదు. యజమాని నట్టింట్లోనే పొర్లుతా ఉంటాడు."

నాకు నవ్వొచ్చింది. ఆ పురుగుల ముందు నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

బాక్టీరియా గోడను పగలగొట్టే మందు ఉందని, గోడే లేని పురుగును అది ఏమీ చెయ్యదని చెప్పింది. మరి ఆకు గోడ పగలదా అని అడిగాను. "ఆకు గోడ కట్టిన సరుకే వేరు లే" అంది.

సాయంత్రానికి పశువుల డాక్టరు దగ్గర మందు తెచ్చింది. నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లాం. ఈసారి ఒక్కొక్క ఆకునూ నేనే గాలికి ఆరబెట్టాను. తట్టలో వేసి చెవి ఆనించి కూర్చున్నాను.

జ్వరంతోనే గోడ పట్టుకుని అవ్వ వచ్చింది. కాసేపు చూసింది. "మందు నోట్లోకి పోవల్ల కదమ్మా. తినేదానికి తలే ఎత్తలేదే ఇంగ" అంది అక్కతో.

పురుగులను గుంట తీసి సున్నంతో పూడ్చారు. నాయన మల్బరీ తోట పీకించాడు. అవ్వ మాట ప్రకారం కేజీఎఫ్‌కు వచ్చింది. అక్కడ ఆమెకు పని లేదు, మాట్లాడేవాళ్లూ లేరు. వాన పడిన రోజు మాత్రం కూరకు తెచ్చిన మునగాకును ఒళ్లో పోసుకుని, రెమ్మ రెమ్మనూ కొంగుతో తుడిచి ఆరబెట్టేది. ఉడకబోయే ఆకును ఎందుకు తుడుస్తున్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ మూడు కణాలనూ ఇప్పటికీ తప్పు లేకుండా గీయగలను. వాన పడితే మాత్రం, ఆకు ఎక్కడ కనబడినా నా చెయ్యి దాన్ని తుడవడానికి పోతుంది.