నలభయ్యో సీటు

సలోమి ఏం పని చేస్తుందని ఎల్లారెడ్డిలో ఎవరైనా అడిగితే వాళ్లమ్మ మరియ "కంప్యూటర్ల రాస్తది" అని ఊరుకునేది. ఏం రాస్తుందని మళ్లీ అడిగితే మాత్రం ఆమెకు చిర్రెత్తేది. "నాకేమెరుక? కామారెడ్డికి వొయ్యి దాన్నే అడుగుండ్రి" అనేది. పాపం, ఆమె తప్పేముంది? కూలికి పోయి పిల్లను ఎంసీఏ దాకా చదివించిన తల్లిని, ఆ పిల్ల చేసే పని కూడా విడమరిచి చెప్పమంటే ఎట్లా?

సలోమి ఆఫీసు కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, మందుల దుకాణం పైన మూడు గదులు. యజమాని పర్శరాములు. ఏ పని వచ్చినా కాదనే మనిషి కాదు. 2012లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వెబ్ పేజీ కావాలని వచ్చారు. దీపావళి వెళ్లగానే తండాల జనం చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర వైపు లారీలెక్కుతారు. పిల్లలూ వెంట పోతే చదువు అటకెక్కినట్టే. అందుకని ఆ నాలుగైదు నెలలు పిల్లలను ఎల్లారెడ్డిలో ఆ సంస్థ హాస్టల్లో ఉంచుకుంటారు. సీట్లు నలభై. దరఖాస్తు పెట్టిన పిల్లల పేర్లు పేజీలో వరుసగా కనపడాలి, ప్రతి పేరు పక్కన ఒక బటన్ ఉండాలి, నొక్కితే ఆ పిల్లకు సీటు. అంతే.

అంతే అనుకునేవాళ్లకు అంతే. బటన్ వెనక మెథడ్ అని ఒకటుంటుంది, అంటే సీటు ఇచ్చే పని. ఆ పని ఎవరికి చెయ్యాలో బటనే చెప్పి పంపాలి. అట్లా పంపే వివరమే పారామీటర్. మునుపు పేజీ టెంప్లేట్‌లోంచి, అంటే పేజీ అచ్చులోంచి, దాన్ని పంపాలంటే నానా తిప్పలు పడాల్సి వచ్చేది. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో మెథడ్ పేరు పక్కన బ్రాకెట్లలో రాస్తే చాలు. సలోమి మురిసిపోయింది. ఆ మురిపెంలో బ్రాకెట్లలో ఏం రాసిందీ? జాబితాలో ఆ పేరు ఎన్నో వరుసలో ఉందో ఆ సంఖ్య! ఆఫీసులో పదిసార్లు నొక్కి చూసింది. పదిసార్లూ సరిగ్గానే వచ్చింది.

దీపావళి వెళ్లిన వారానికి హాస్టల్ వార్డెన్ ఉమాదేవి ఫోన్ చేసింది. "సలోమీ, నేను సునీలకు నొక్కిన. సీటు ఇచ్చినమని వచ్చింది, గప్పుడే కరెంటు పోయింది. ఇయ్యాల సీట్లొచ్చినోళ్ల జాబితా తీస్తే హరిలాల్ పేరుంది. ఆఖరి సీటమ్మా అది. సునీల తల్లి చంద్రి పిల్లను తీస్కొని వచ్చి వాకిట్ల కూసున్నది. రేపు పొద్దుగాల్నే వాళ్ల లారీ."

పర్శరాములు విని చెయ్యి ఊపాడు. "మేడం పక్క బటన్ నొక్కినట్టుంది. గదే చెప్పు, అయిపోతది."

అట్లా చెప్తే నిజంగానే అయిపోయేది. ఎవరూ నిలదీసేవాళ్లు లేరు. కానీ సలోమికి మనసొప్పలేదు. "ఒక్కపారి చూసొస్తనన్నా" అని లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సెక్కింది.

హాస్టల్లో ఉమాదేవి పక్కన కూర్చుంది. "ఆ రోజు ఎట్ల చేసిన్రో అట్లనే చెయ్యుండ్రి మేడం" అంది. ఉమాదేవి చేసి చూపించింది. ఎల్లారెడ్డిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికెరుక. అందుకని ఆమె కరెంటు ఉన్నప్పుడే పేజీ తెరిచి పెట్టుకుంటుంది. వంటగదిలోకి పోయి బియ్యం కొలిచి ఇస్తుంది, పిల్లల మందులు చూస్తుంది, గంటకో రెండు గంటలకో వచ్చి అదే పేజీలో బటన్ నొక్కుతుంది. ఈలోపు కామారెడ్డిలో సంస్థ ఆఫీసువాళ్లు కూడా అదే జాబితాలోంచి సీట్లు ఇస్తుంటారు. సీటు వచ్చిన పేరు జాబితాలోంచి పోతుంది, కిందివాళ్లు ఒక మెట్టు పైకి జరుగుతారు. ఉమాదేవి ముందున్న పాత పేజీలో సునీల ఏడో వరుస. లోపలి అసలు జాబితాలో అప్పటికే ఏడో వరుసలోకి హరిలాల్ వచ్చేశాడు.

సలోమికి తప్పు దొరికింది. "మీ తప్పు గాదు మేడం. నేను వరుస పంపిన. ఆ పిల్ల దరఖాస్తు నెంబరు పంపాల్సింది" అంది. అక్కడే కూర్చుని బ్రాకెట్లలో మాట మార్చింది. రెండు నిమిషాల పని. తర్వాత కాగితం దరఖాస్తులతో మిగతా ముప్పై తొమ్మిది పేర్లూ సరిచూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కోడ్ బాగైంది. సీటు మాత్రం రాలేదు. హరిలాల్ తల్లిదండ్రులు సీటొచ్చిందని తెలిసి ఆ పొద్దున్నే వాణ్ని దింపి లారీ ఎక్కేశారు. సంస్థవాళ్లకు ఫోన్ చేస్తే నలభైకి ఒక్కరు ఎక్కువైనా కుదరదన్నారు.

సలోమి వాకిట్లోకి వచ్చి చంద్రి ముందు కూర్చుంది. ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. చంద్రి అంతా విని కస్సుమంది.

"నీ రాత తప్పయితే నా బిడ్డ చెరుకు తోటల తిరగాలెనా? నాలుగో తరగతి అది. మొత్తం తండాల దానంత చదివే పిల్ల లేదు!"

"నిజమే అక్కా. తప్పు నాదే."

"మరి ఆ పోరన్ని తీసెయ్యి." అనేసి చంద్రి తనే తల అడ్డంగా ఊపింది. "వద్దులే. వాని అవ్వ లారీ ఎక్కి పోయింది గద. వాడెటు పోతడు?"

సలోమి తల్లికి ఫోన్ చేసింది. మరియ సగం మాట వినగానే కసిరింది. "గా పిల్లను ఇంటికి తీస్కరా. అడిగేదేముంది ఇందుల! బడి నాలుగడుగులు గూడ లేదు."

ఆ రాత్రి చంద్రి, సునీల మరియ ఇంట్లోనే పడుకున్నారు. తెల్లారి లారీ రోడ్డు మీద హారన్ కొడుతోంది. చంద్రి కూతురి బట్టల మూట మరియ చేతికిచ్చింది. సలోమి వైపు తిరిగింది. తిడుతుందేమోనని సలోమి తల దించుకుంది.

"చెల్లె, ఇది రాత్రి లేసి యాడీ అని నన్ను పిలుస్తది. గప్పుడు మీ అవ్వ రేపొస్తదని మాత్రం చెప్పకుండ్రి. హోలీకి వస్తదని చెప్పుండ్రి. నిజం చెప్తే ఊకుంటది, నా బిడ్డ."

లారీ వెళ్లిపోయింది. సునీల ఏడవలేదు. బడి ఎటు దిక్కని మరియను అడిగింది. కళ్లు తుడుచుకుంటూ చెయ్యి చూపించింది సలోమి.